అంకణాల బేరం, మీటర్ల రాత

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దనాయన ఆశీస్సులు.

తిరుపతిలో ఇంటి స్థలం చూస్తున్నావని మీ నాయన చెప్పాడు. చాలా సంతోషం. బ్రోకరు 60 అంకణాలు అన్నాడట, అది ఎంతో తేలక నువ్వు టెన్షన్ పడుతున్నావట. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజు లేఖరిగా కూర్చుని బతికినవాణ్ణి, ఈ లెక్కలు నాకు చేతికి వచ్చినవి. ఫోన్‌లో చెబితే అంకెలు గుర్తుండవని ఉత్తరం రాస్తున్నా. దీన్ని దాచుకో.

తిరుపతిలో అంకణం అంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, 36 చదరపు అడుగులు. గజాల్లో చెప్పాలంటే నాలుగు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి ఒక సెంటులో 12.1 అంకణాలు వస్తాయి. నీకు చెప్పిన 60 అంకణాలు 2,160 చదరపు అడుగులు, 240 గజాలు. సెంట్లలో అయిదుకు ఇసుమంత తక్కువ, చదరపు మీటర్లలో సుమారు 200.67. ఇంతవరకు చిక్కేమీ లేదు. అయితే నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు. వాళ్ల లెక్కలో ఇదే స్థలం 30 అంకణాలే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు పాత నెల్లూరు జిల్లా మండలాలు కొన్ని తిరుపతి జిల్లాలో కలిశాయి. కాబట్టి ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలు చెల్లుతున్నాయి. ‘అంకణం ఎంత పలుకుతోంది’ అని అడిగేముందు ‘మీ అంకణానికి ఎన్ని అడుగులు’ అని అడుగు. అడగడానికి మొహమాటపడకు. నిజాయితీ ఉన్న బ్రోకరు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

అలాగని అంకణాన్ని తీసిపారేయమని నేను చెప్పను. ఈ ఊళ్లో ధరలన్నీ దాని మీదే నడుస్తాయి. పక్క వీధిలో ఎంతకు పోయింది, నిరుడు ఎంత ఉండింది అన్నది జనం నోట అంకణాల్లోనే వస్తుంది. అది తెలియకుండా బేరానికి కూర్చుంటే నీకు ఊరి ధర తెలియదని వాళ్లకు వెంటనే అర్థమైపోతుంది. బేరం అంకణాల్లోనే ఆడు. రాత మాత్రం గజాల్లో, చదరపు మీటర్లలో ఉండాలి. రిజిస్ట్రేషన్ శాఖ విలువల పట్టికలో ఇళ్ల స్థలాలకు గజం లెక్కే ఉంటుంది, స్టాంపు డ్యూటీ లెక్క కట్టేటప్పుడు కూడా దాన్నే చూస్తారు. అగ్రిమెంటులో ‘60 అంకణాలు’ అని మాత్రమే రాసి సంతకం పెట్టమంటే పెట్టవద్దు.

ఇక అడుగులు, అంగుళాలు. నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి. పాత దస్తావేజుల్లో 30 అడుగుల 11 అంగుళాలను కొందరు 30.11 అని చుక్క పెట్టి రాసేవాళ్లు. ఈ కాలంలో దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లు ఆ చుక్కను దశాంశం అనుకుంటారు. అడుగుకు పన్నెండు అంగుళాలు కదా, నిజానికి అది 30.92 అడుగులు. స్థలం పొడవు 60 అడుగులనుకో, ఆ ఒక్క చుక్క వల్ల 48 చదరపు అడుగులు తేడా వస్తుంది. అంటే అంకణం మీద ఇంకో మూడో వంతు. తిరుపతి ధరల్లో అది చిన్న మొత్తం కాదు. నువ్వు రాయించుకునే కాగితంలో ‘ముప్పై అడుగుల పదకొండు అంగుళాలు’ అని అక్షరాల్లో ఉండాలి, పక్కనే మీటర్లు ఉండాలి. నాలుగు వైపులా చెక్కుబంది, అంటే హద్దులు, ఏ వైపు ఎంత కొలత అన్నది విడివిడిగా రాయాలి. మొత్తం విస్తీర్ణం ఒక్కటే రాసి వదిలేస్తే రేపు ప్రహరీ కట్టేటప్పుడు పక్కవాళ్లతో గొడవ.

స్థలం డబ్బు కోసం కర్ణాటకలో ముళబాగిలు దగ్గర మీ అత్తగారు ఇచ్చిన పొలం అమ్ముదామనుకుంటున్నావని విన్నా. అక్కడి పహణీలో, అంటే పొలం రికార్డులో, 1.20 అని ఉందట, ‘ఎకరా ఇరవై సెంట్లు’ అని మీ నాయన నాతో అన్నాడు. కాదు తల్లీ! కర్ణాటకలో ఎకరాకు 40 గుంటలు. 1.20 అంటే ఎకరా 20 గుంటలు, సరిగ్గా ఎకరన్నర. మన లెక్కలో 150 సెంట్లు. మీ నాయన చెప్పినట్టు చదివి ఉంటే 30 సెంట్లు ఊరికే వదులుకునేదానివి. అక్కడ గుంటను మళ్లీ పదహారు అణాలుగా విడగొడతారు, పహణీలో ఎకరా, గుంటల తర్వాత మూడో గడిలో ఉండేవి ఆ అణాలే. తెలంగాణలోనూ ఎకరాకు 40 గుంటలే. చిత్తూరు దాటి కాట్పాడి వైపు వెళితే తమిళనాడు పట్టాలో హెక్టార్లు, ఏర్లు (హెక్టారులో వందో వంతు) ఉంటాయి. అక్కడ 0.40.50 అంటే దాదాపు ఒక ఎకరా. మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. చుక్క చూడగానే అది దేన్ని ఎన్నిగా భాగిస్తోందో అడిగి తెలుసుకోవాలి. మన వైపు మాత్రం ఎకరాకు వంద సెంట్లు కాబట్టి 1.20 అంటే నిజంగానే దశాంశం. ఇంగ్లీషువాళ్ల సర్వే గొలుసుకు వంద లింకులు ఉండేవి, పది చదరపు గొలుసులు ఒక ఎకరా. మనకు సెంటు ఆ లెక్కలోనే కుదిరింది. డబ్బు దశాంశంలోకి రాకముందే మన పొలాలు వచ్చేశాయన్నమాట.

డబ్బు 1957 ఏప్రిల్ 1న మారింది. అంతకు ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, మొత్తం 192 పైలు. ఆ రోజు నుంచి రూపాయికి 100 నయా పైసలు. 1964 జూన్‌లో ‘నయా’ తీసేశారు. నువ్వు చూసే లింకు దస్తావేజుల్లో, అంటే ఆ స్థలం ఇంతకు ముందు చేతులు మారినప్పటి కాగితాల్లో, పాతది ఏదైనా ఉంటే ‘రూ. 350-8-0’ అని కనిపిస్తుంది, అంటే మూడువందల యాభై రూపాయల ఎనిమిదణాలు. దానికి కంగారు పడనక్కరలేదు. జాగ్రత్తగా చూడాల్సింది వాటాలు. ‘రూపాయిలో నాలుగణాల వాటా’ అని ఉంటే పావు భాగం, ‘మూడణాల వాటా’ అంటే పదహారింట మూడు, నూటికి 18.75. మీకు అమ్మేవాళ్లు తమ పెద్దల దగ్గర నుంచి ఎన్ని అణాల వాటా పొందారు, ఇప్పుడు ఎంత అమ్ముతున్నారు అన్నది కలిపి చూడు. ఎనిమిదణాలు వచ్చినవాళ్లు పన్నెండణాలు అమ్మలేరు.

పాత లెక్క మొరటుదని మీ తరం అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. మన ఊరి బావినే చూడు. మేము ముగ్గురం అన్నదమ్ములం. మా నాయన మాకు తలా అయిదణాల నాలుగు పైల వాటా రాసిచ్చాడు. అయిదణాలంటే 60 పైలు, నాలుగు కలిపితే 64. మూడు 64లు 192, మిగులు లేదు, తగువు లేదు. అదే నూటిలో రాస్తే 33.33 వస్తుంది, మూడు కలిపినా 99.99 దగ్గర ఆగిపోతుంది. ఆ మిగిలింది ఎవరిది? 16 సగానికి సగం నాలుగుసార్లు చేసినా మిగులు లేకుండా చీలుతుంది, 12 మూడుకు చీలుతుంది. చదువురాని రైతు కూడా నోటితో పంచుకోగలిగాడంటే ఆ పద్ధతిలో అంత తెలివి ఉంది. దశాంశం గొప్పతనం ఇంకో చోట ఉంది. కూడికలు, గుణకారాలు కాగితం మీద తేలిగ్గా, తప్పు లేకుండా వస్తాయి, ఏ ఊరివాడు చదివినా ఒకటే అర్థం. నా సలహా ఏమిటంటే పంపకాల కాగితంలో శాతాలు రాయించకు, ‘మూడింట ఒక వంతు’ అని రాయించు. మన ఉమ్మడి ఆస్తి పంపకం వచ్చినప్పుడు కూడా ఇలాగే రాయాలని మీ నాయనకు ఇప్పుడే చెప్పి ఉంచు.

నగలు కొన్ని అమ్ముతావట కదా. అక్కడ సవర్లు, తులాలు అనే మాట ఎత్తకు, గ్రాములు అను. మన వైపు సవర అంటే 8 గ్రాములు, అందులో తేడా లేదు. తులం దగ్గరే ప్రమాదం. అసలు తులం 11.66 గ్రాములు, ఇప్పుడు చాలా అంగళ్లలో 10 గ్రాములకే తులం అంటారు. నీకు ఇచ్చే ధర ఎన్ని గ్రాములకో అడిగి, నీ ఎదుటే తూకం వేయించు. 22 క్యారెట్ల నగ మీద 916 అని ముద్ర ఉంటుంది. ఇరవై నాలుగింట ఇరవై రెండు పాళ్లను వెయ్యికి లెక్క కడితే వచ్చే అంకె అది.

అడ్వాన్సు ఇచ్చేముందు ఈసీ (స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు దస్తావేజులు ఫోటోలు తీసి నాకు పంపు. అన్ని పేజీలూ పంపు, ముఖ్యంగా షెడ్యూలు, అంటే స్థలం వివరాలు, ఉన్న పేజీ, వెనక వైపు ముద్రలు. పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది, అది తప్పు కాదు. స్థలం దగ్గరికి లైసెన్సు ఉన్న సర్వేయర్‌ని తీసుకెళ్లి నాలుగు వైపులా మీటర్లలో కొలిపించు. కొలత, కాగితం కలవకపోతే ఎవరు ఎంత తొందరపెట్టినా రూపాయి ఇవ్వకు. వచ్చే ఆదివారం నేను తిరుపతి వస్తాను, కొలిచేటప్పుడు పక్కన ఉంటా.

మీ పెద్దనాయన