కడలిలో గల్లంతైన తాతగారి వాటా: మరణ తేదీ కాదు, దావా గడువు చూసుకోండి

ప్రశ్న: మా అమ్మ తండ్రి కాకినాడ దగ్గరి మా ఊరి నుంచి వేటకు వెళ్లి, 1996 నవంబరు 6 తుపానులో బోటుతో సహా గల్లంతయ్యారు. శవం దొరకలేదు. అమ్మమ్మ చెప్పిన కబుర్లు, ఆవిడ నోటుపుస్తకంలో రాసిపెట్టిన వంశవృక్షమే మాకు మిగిలాయి. తాతగారి తల్లికి ఇద్దరే కొడుకులు. ఆమె తన పేరిట ఉన్న 80 సెంట్ల కొబ్బరితోటకు వీలునామా రాయకుండానే 2001లో పోయారు. తాతగారి తమ్ముడు తోటకు పాసుపుస్తకం చేయించుకుని ఇప్పుడు అమ్మబోతున్నారు. ఏడేళ్లు 2003లో గాని నిండలేదు కనుక 2001 నాటికి తాత చట్టప్రకారం బతికే ఉన్నారని, అందువల్ల అమ్మకు వాటా లేదని ఆయన వాదన. 1996 తేదీ వేసి మరణ ధ్రువపత్రం తెప్పిస్తానని ఒకరు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: మీరు పంపిన పూర్తి ఉత్తరంలో పేజీలకు పేజీలు తుపాను గురించి రాసి, 2015 సంక్రాంతికి అమ్మగారు వాటా అడిగితే ‘ఇక్కడ నీకేమీ లేదు’ అని ఆవిడ చిన్నాన్నగారు (మీ తాతగారి తమ్ముడు) పెద్దల ముందే చెప్పి పంపారన్న సంగతిని చివర ఒక్క వాక్యంలో సరిపెట్టారు. మీ కేసును తేల్చేది ఆ వాక్యమే.

మరణ తేదీ గొడవ ఈ ఆస్తి వరకు అనవసరం. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం కొడుకు తల్లికంటే ముందే చనిపోయి ఉంటే అతని సంతానానికి ఆ వాటా నేరుగా వస్తుంది; తల్లి పోయాక అతను చనిపోయి ఉంటే వాటా ముందు అతనికి, ఆపైన అతని భార్యాబిడ్డలకు వస్తుంది. మీ అమ్మమ్మగారు గతించారు, అమ్మగారు ఒక్కరే సంతానం కనుక ఏ దారిన చూసినా సగం తోట ఆవిడదే. పైగా ఏడేళ్లుగా జాడ తెలియని వ్యక్తి బతికే ఉన్నాడనేవారే అది రుజువు చేయాలని మాత్రమే భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్ చెబుతుంది. అతను ఫలానా రోజున చనిపోయాడని గాని, ఏడేళ్లూ బతికే ఉన్నాడని గాని ఆ సెక్షన్ చెప్పదు. దానికి ముందున్న పాత సాక్ష్య చట్టంలోని ఇలాంటి 108వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2004లోనే ఈ సంగతి తేల్చింది.

ఇక గడువు. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు అనుభవిస్తే అది అందరి తరఫున అనుభవించినట్టే, పాసుపుస్తకం మారినంత మాత్రాన హక్కు పోదు. కాని హక్కే లేదని ముఖం మీద చెప్పి వెళ్లగొట్టిన రోజు నుంచి పన్నెండేళ్ల లెక్క మొదలైందని అవతలి వకీలు తప్పక వాదిస్తాడు. ఆ లెక్కన 2027 సంక్రాంతితో గడువు తీరుతుంది. ఇన్నేళ్లు ఊరుకోవడం తెలివితక్కువ పని. 2015 సంగతిని దావాలో దాచాలనీ చూడకండి, ఆ పెద్దలే అవతలివారి సాక్షులుగా వస్తారు.

ఆ ధ్రువపత్రం జోలికి పోవద్దు. అవసరమే లేని తేదీ కోసం దొంగ కాగితం దాఖలు చేస్తే నిజమైన నోటుపుస్తకాన్ని కూడా కోర్టు నమ్మదు. న్యాయస్థానంలో వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది.

మీ బలమంతా ఆ నోటుపుస్తకమే. చనిపోయినవారు తగాదా పుట్టకముందు బంధుత్వాల గురించి రాసిన మాటను కోర్టు సాక్ష్యంగా తీసుకుంటుంది. అందుకే దాన్ని శుభ్రంగా తిరగరాయడం, చెరిగిన పేర్ల మీద కలం పెట్టడం, లామినేషన్ చేయించడం వంటి పనులు చేయకండి. మీరు కంప్యూటరులో కొత్తగా తయారుచేసిన వంశవృక్షానికి ఆ విలువ ఉండదు. అమ్మమ్మగారి చేతిరాత ఎరిగినవారిని ఒకరిని సాక్షిగా చూసుకోండి. తుపాను తరువాత ఆవిడకు నష్టపరిహారమో, వితంతు పింఛనో మంజూరై ఉంటే ఆ ఫైలు నకళ్లను సమాచార హక్కు చట్టం కింద అడగండి. పాత ఓటర్ల జాబితా, అమ్మగారి బడి రికార్డు కూడా తీయించండి.

ఈ నెలలోనే తోటకు ఈసీ (రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), అడంగల్ (గ్రామ భూమి రికార్డు) తీసుకుని, అమ్మగారిని వాదిగా పెట్టి విభజన దావా వేయించండి. తాతగారు మరణించినట్టు ప్రకటించాలని అందులోనే కోరండి, విడిగా ఇంకో దావా అక్కర్లేదు. తోట అమ్మకుండా తాత్కాలిక నిషేధ ఉత్తర్వుకు కూడా అదే రోజు దరఖాస్తు పెట్టండి. దావా నడుస్తుండగా ఎవరైనా కొన్నా, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ కింద వారు తీర్పుకు కట్టుబడాల్సిందే. మీరు కోరుకున్న మరణ నమోదుకు ఈ దావాలో కోర్టు ఇచ్చే డిక్రీ (తీర్పు ఉత్తర్వు) నకలు జతచేసి తరువాత దరఖాస్తు చేసుకోవచ్చు.