టెక్ సందేహాలు: పికప్ ట్రక్కుకు ఎలాంటి సైడ్ స్టెప్ నప్పుతుంది?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తున్నాను. ఈమధ్యే ఒక పాత ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ కొన్నాను. దానికి పక్క మెట్లు లేవు. మా అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్లాల్సిన ప్రతిసారీ ఆమెను బండి ఎక్కించడం గండంగా ఉంది. నేల నుంచి తలుపు గడప వరకు టేపుతో కొలిస్తే 58 సెం.మీ. వచ్చింది. షాపులో వెడల్పాటి అల్యూమినియం బోర్డు, గుండ్రటి స్టీలు గొట్టం, కిందికి వేలాడే మెట్టు అని మూడు రకాలు చూపించారు. చెరువు గట్ల మీద తిరిగే బండి కాబట్టి కింద తగులుతుందేమోనన్న భయం కూడా ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: గడప ఎత్తు కొలిచి రాశారు కాబట్టి మీ ప్రశ్నకు నికరమైన జవాబు చెప్పడం సాధ్యమవుతోంది. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్లలో ఒక్కో మెట్టు ఎత్తు 19 సెం.మీ. మించకూడదని చెబుతుంది. ఆ లెక్కన మీ బండి గడప ఎత్తు ఇంటి మెట్లు మూడింటితో సమానం. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి అసలు కష్టం మొదటి అడుగులోనే ఉంటుంది, ఎందుకంటే బాగా వంచిన ఒక్క కాలి మీద ఒంటి బరువంతా పైకి లేవాల్సింది అప్పుడే. షాపులో చూపించే వెడల్పాటి బోర్డులు చాలావరకు గడపకు కాస్త దిగువనే ఆగిపోతాయి. బోర్డు పైభాగం నేల నుంచి 45 సెం.మీ. ఎత్తులో ఉందనుకుందాం. అప్పుడు మీ అమ్మగారు ముందు 45 సెం.మీ. ఎక్కాలి, ఆ తర్వాత మిగిలేది 13 సెం.మీ. మాత్రమే. మొదటి అడుగుకు రెండు మెట్లకు మించిన శ్రమ పెట్టి, రెండో అడుగుకు ఒక మెట్టు కూడా మిగల్చని అమరిక ఇది. బోర్డు చూపుకు ఎంత బాగున్నా, పాదం మోపినప్పుడు ఎంత గట్టిగా ఉన్నా, మీరు దాన్ని కొంటున్న పని మాత్రం నెరవేరదు. అందుకే ఏ రకమైనా సరే, బిగించాక దాని పైభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో అడగండి. షాపువారు చెప్పలేకపోతే అదే రకం బిగించిన బండి ఒకటి చూపించమని, మీరే టేపు పెట్టి కొలవండి.

మీ అమ్మగారి కోసమైతే కిందికి వేలాడే మెట్టునే ఎంచుకోమంటాను. దాని పైభాగం 38 సెం.మీ. ఎత్తులో వచ్చేలా ఉంటే, అక్కడి నుంచి గడపకు మిగిలేది 20 సెం.మీ. అయినా మొదటి 38 సెం.మీ. ఆమెకు ఎక్కువే. దీనికి షాపులో దొరకని ఉపాయం ఒకటుంది. 18 సెం.మీ. ఎత్తున్న గట్టి చెక్క పీట ఒకటి చేయించి బండి వెనక తొట్టిలో ఉంచుకోండి. నేల నుంచి పీటకు 18, పీట నుంచి మెట్టుకు 20, మెట్టు నుంచి గడపకు 20 సెం.మీ. చొప్పున ఇంటి మెట్లలాగే మూడు దాదాపు సమమైన అడుగులు వస్తాయి. పీట రెండు పాదాలూ పక్కపక్కన పట్టేంత వెడల్పు ఉండాలి, అడుగున రబ్బరు బిళ్లలు, పైన జారని పట్టీ వేయించాలి, ఆమె ఎక్కుతున్నంతసేపూ దాన్ని ఒకరు కాలితో అదిమి పట్టుకోవాలి. కొన్ని వందల రూపాయల ఈ పీట వేల రూపాయల బోర్డు కంటే ఆమెకు ఎక్కువ మేలు చేస్తుందని నేను నమ్మకంగా చెప్పగలను.

ఎక్కేటప్పుడు ఆమె పట్టుకోవాల్సింది తలుపును కాదు, ఎందుకంటే తలుపు కదులుతుంది. ముందు అద్దం పక్క స్తంభం మీద పిడి ఉంటే దాన్ని పట్టుకోవాలి, లేకపోతే అక్కడ ఒకటి వేయించండి. అయితే కొన్ని మోడళ్లలో ఆ స్తంభం లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి, ఈ పనిని కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించాలి. ఫిజియోథెరపిస్టులు మెట్ల దగ్గర నేర్పే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు దించాలి. దిగేటప్పుడు సీటు వైపు తిరిగి, పిడి పట్టుకుని, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగితే మోకాలి మీద భారం తగ్గుతుంది, పడిపోతానన్న భయమూ ఉండదు.

గుండ్రటి గొట్టం రకాన్ని మీ ఇంట్లో వద్దంటాను. గొట్టం మీద అక్కడక్కడ అతికించిన ప్లాస్టిక్ పట్టీ మీదే పాదం పడాలి, తడి చెప్పుతో ఆ పట్టీ తప్పితే కాలు జారుతుంది. పాదం ముందు సగమైనా నిలవాలంటే మెట్టు లోతు కనీసం 12 సెం.మీ. ఉండాలి. అలాగని మరీ బయటికి పొడుచుకొచ్చిన బోర్డు కూడా ఇబ్బందే. వానాకాలం దిగేటప్పుడు దాని అంచు మీది బురదంతా చీర కుచ్చిళ్లకు, ప్యాంటుకు అంటుకుంటుంది, పొడుగ్గా ఉండేవారు దిగిన ప్రతిసారీ దాన్ని దాటి కాలు వేయాల్సి వస్తుంది.

ఇక గట్ల సంగతి. గట్టు ఎక్కి దిగేటప్పుడు బండికి నేల తగిలేది ఎక్కువగా ముందు, వెనక చక్రాల నడుమ, సరిగ్గా మధ్యలో. కాబట్టి వేలాడే మెట్టు ముందు చక్రానికి దగ్గరగా, ముందు తలుపు కింద ఉంటే తగిలే అవకాశం తక్కువ, అదే మెట్టు బండి నడుమన ఉంటే ఎక్కువ. డబ్బు ఖర్చు పెట్టక ముందే దీన్ని పరీక్షించుకోవచ్చు. మెట్టు ఎంత కిందికి వేలాడుతుందో అంత పొడవున అట్టముక్క కోసి, మెట్టు రావాల్సిన చోట గడప అడుగున టేపుతో అతికించి, మీరు రోజూ తిరిగే గట్ల మీద నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రండి. అట్ట నలగకుండా తిరిగొస్తే మెట్టు కూడా తిరిగొస్తుంది. నలిగితే అంత కిందికి వేలాడని మెట్టు తీసుకుని, ఆ మేరకు పీట ఎత్తు పెంచుకోండి.

బిగింపు విషయంలో మాత్రం రాజీ పడకండి. వి-క్రాస్ లాంటి పికప్‌లో క్యాబిన్ వేరు, దాని కింద నిచ్చెన ఆకారంలో ఉండే ఛాసిస్ వేరు, రెండింటి మధ్య రబ్బరు దిమ్మలు ఉంటాయి. గతుకుల్లో ఛాసిస్ ఒక తీరున మెలితిరిగితే క్యాబిన్ మరో తీరున కదులుతుంది. మెట్టును పూర్తిగా ఛాసిస్‌కు బిగించవచ్చు, లేదా పూర్తిగా క్యాబిన్ అడుగుకు బిగించవచ్చు. ఒక బ్రాకెట్ ఛాసిస్‌కు, మరొకటి క్యాబిన్‌కు బిగిస్తే మాత్రం ఆ రెండు కదలికల మధ్య పడి బ్రాకెట్ చీలుతుంది, లేదంటే గడప రేకు చిరుగుతుంది. ఛాసిస్‌కు బిగించే రకమైతే మెట్టుకూ గడపకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండాలి. ఈ సందును చూసి బిగింపు సరిగా లేదని కొందరు అనుకుంటారు గాని, అది కావాలని ఉంచినదే. బండిలో కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే సరిపోయే బ్రాకెట్లు, పక్కకు మూడేసి చొప్పున ఉన్నవి అడగండి. వెల్డింగ్ షాపులో ఛాసిస్‌కే అతికిస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ వేడికి అక్కడి ఉక్కు గుణం మారుతుంది, బ్యాటరీ తీగ విప్పకుండా వెల్డింగ్ చేస్తే ఇంజిన్ కంప్యూటర్ కూడా దెబ్బతినవచ్చు. గడపకు అడుగున నీరు కారిపోయేందుకు చిన్న రంధ్రాలుంటాయి, బ్రాకెట్ వాటిని మూసేయకూడదు. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండి గడపలో నీరు నిలిస్తే తుప్పు లోపలి నుంచి తింటుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమవుతుంది. బిగించిన వెయ్యి కిలోమీటర్లలోపు బోల్టులన్నీ ఒకసారి మళ్లీ బిగించి చూడండి.

మరో రెండు మాటలు. పంక్చర్ పడినప్పుడు జాకీని ఎప్పుడూ మెట్టు కింద పెట్టకూడదు, బండితో వచ్చిన పుస్తకంలో చూపిన చోటే పెట్టాలి. కొత్త మెట్టు ఆ చోటికి జాకీ అందకుండా అడ్డుపడుతోందేమో షాపులోనే ఒకసారి పెట్టి చూసుకోండి. చెరువు పని మనుషులు పక్క మెట్టు మీద నిలబడి గట్టు చివరిదాకా ప్రయాణించడం మీ ప్రాంతంలో తరచూ కనిపించేదే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 123వ సెక్షన్ దీన్ని నిషేధిస్తుంది, మనిషిని రన్నింగ్ బోర్డు మీద తీసుకెళ్లిన డ్రైవర్‌ను బాధ్యుణ్ని చేస్తుంది. కాలు జారితే మనిషి పడేది సరిగ్గా వెనక చక్రం ముందు. మెట్టు బిగించిన మొదటి రోజే ఈ సంగతి అందరికీ చెప్పండి.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మాది 2021 ఫోర్డ్ ఎఫ్-150 సూపర్‌క్రూ. గుంటూరు నుంచి అమ్మానాన్న ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. తలుపు తీయగానే వాటంతటవే బయటికొచ్చే పవర్ స్టెప్‌లు బయటి కంపెనీవి వేయించాలనుకుంటున్నాను. బ్యాటరీ దిగిపోతుందా? వారంటీ పోతుందా? ఇంట్లో ఐదేళ్ల పాప కూడా ఉంది.

జవాబు: మీ అవసరానికి పవర్ స్టెప్ సరైన ఎంపికే. అది బయటికి వచ్చినప్పుడు స్థిరంగా ఉండే బోర్డు కంటే కిందికి దిగుతుంది, మూసుకున్నాక గడప అడుగున ఒదిగిపోతుంది. పై జవాబులో చెప్పిన మొదటి అడుగు సమస్యను ఇది పీట అవసరం లేకుండానే చాలావరకు తీరుస్తుంది. ధర వెయ్యి డాలర్లు దాటుతుంది, మామూలు బోర్డులు కొన్ని వందల్లో వస్తాయి. ఆ తేడా ఆరు నెలల కోసమే అయితే ఎక్కువే, కానీ పాప పెరిగేదాకా ఆమెకు కూడా అదే మెట్టు.

బ్యాటరీ గురించి భయం అక్కర్లేదు. మోటారు తిరిగేది మెట్టు కదిలే ఆ కొద్ది క్షణాలే. చూడాల్సింది వైరింగ్‌ను: విద్యుత్ తీగ నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరలో ఉండాలి, తీగలు ఎగ్జాస్ట్ గొట్టానికి దూరంగా వెళ్లాలి. తలుపు తెరిచిన సంగతి తెలుసుకోవడానికి కొన్ని కిట్లు బండి కంప్యూటర్‌ను పరీక్షించడానికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు తగిలించుకుంటాయి. తలుపుల తీగలు కోయాల్సిన పని ఉండదు కాబట్టి నాకు ఆ పద్ధతే నచ్చుతుంది. అయితే ఫ్రిస్కో విస్తరించిన కాలిన్, డెంటన్ కౌంటీలలో ఏటా జరిగే ఉద్గారాల పరీక్ష కూడా ఆ పోర్టు ద్వారానే. మీరు బండి నడిపే తీరును నమోదు చేసేందుకు బీమా కంపెనీ ఇచ్చిన పరికరం అందులో ఉంటే అది మరో చిక్కు. కొనేముందు ఆ పోర్టును ఖాళీగా ఉంచే ఏర్పాటు కిట్‌లో ఉందో లేదో చూడండి.

వారంటీ విషయంలో అమెరికాలో 1975 నుంచి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయటి భాగం బిగించారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీని నిరాకరించడానికి వీల్లేదు, చెడిపోయింది ఆ భాగం వల్లనే అయితే మాత్రం నిరాకరించవచ్చు. అంటే మెట్టు వల్ల గేర్‌బాక్స్ వారంటీ పోదు, కోసిన తీగ వల్ల విద్యుత్ వ్యవస్థ చెడితే ఆ మరమ్మతు ఖర్చు మీదే. మరో సంగతి, 2015 మోడల్ నుంచి ఎఫ్-150 క్యాబిన్ అల్యూమినియంది, ఛాసిస్ మాత్రం ఉక్కుది. పూత లేని ఉక్కు బ్రాకెట్ తడిలో అల్యూమినియానికి ఆనితే రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతూ పోతుంది. మీ ఏడాదికీ మీ క్యాబ్‌కూ తగిన కిట్, పూత వేసిన బ్రాకెట్లతో సహా తీసుకోండి. వెనక తలుపులు చిన్నవిగా ఉండే సూపర్‌క్యాబ్ కోసం చేసిన మెట్టు, నాలుగు పూర్తి తలుపులుండే సూపర్‌క్రూకు నప్పదు.

పెద్దవాళ్లతో అసలు జాగ్రత్త వాడకంలో ఉంది. తలుపు తీసేవారు దగ్గరగా నిలబడితే బయటికొచ్చే మెట్టు మోకాలి కింది ఎముకకు తగులుతుంది. మెట్టు పూర్తిగా ఆగక ముందే పాదం మోపితే తూలే ప్రమాదముంది. ఫోర్డ్ సొంత పవర్ స్టెప్‌లకు బయటే నిలిచి ఉండే ఏర్పాటు ఉంటుంది, బండి గంటకు 8 కిలోమీటర్లు దాటాకే అవి లోపలికి వెళ్తాయి. మీరు కొనే కిట్‌లో అలాంటి సదుపాయం ఉందేమో అడిగి, అమ్మానాన్న బండి దగ్గరికి రాకముందే మెట్టును బయటికి తీసి ఉంచండి. అడ్డం తగిలితే వెనక్కి తిరిగే గుణం కూడా తప్పనిసరిగా ఉండాలి. అది పాప కోసం. అయినా ఆ ఒక్కదాని మీదే భరోసా పెట్టకుండా, తలుపు మూసేముందు పాప ఎక్కడుందో కళ్లతో చూసుకోండి. 2021 ఫిబ్రవరి నాటి మంచు మళ్లీ పడితే, కీళ్లలో నీరు గడ్డకట్టి మెట్టు కదలకపోవచ్చు. ఆ రోజు దాన్ని బలవంతంగా లాగకుండా మంచు కరిగేదాకా ఆగండి.

ప్రశ్న: విశాఖపట్నంలో టయోటా హైలక్స్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు సైడ్ స్టెప్ వేయిస్తున్నాను. 304 గ్రేడ్ అంటున్నారు. అయస్కాంతం అంటుకోలేదు. నమ్మవచ్చా?

జవాబు: అయస్కాంతం అంటుకోకపోవడం 304కు రుజువు కాదు. మన బజార్లో చవగ్గా దొరికే 202 గ్రేడ్‌కు కూడా అది అంటుకోదు. 304లో దాదాపు 8 శాతం నికెల్, 18 శాతం క్రోమియం ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు, సముద్రపు గాలిలో దాని మీద గోధుమరంగు మచ్చలు త్వరగా వస్తాయి. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి, మాంగనీసును పసిగట్టే రసాయన చుక్క పరీక్ష చాలా స్టీలు దుకాణాల్లో క్షణాల్లో చేస్తారు, మీ ఎదుటే చేయించండి. బీచ్ రోడ్డు పక్కన నిలిచే బండి అయితే 304కైనా మచ్చలు పడతాయి కాబట్టి, వారానికోసారి మంచినీళ్లతో కడగాల్సిందే. ఆ పని కుదరదనుకుంటే మంచి పూత ఉన్న అల్యూమినియం మెట్టు తీసుకోండి. స్టీలే వేయించినా బ్రాకెట్లు మామూలు ఇనుపవై ఉంటాయి, వాటి మీది పూత గీసుకుపోయిన చోట వెంటనే రంగు వేయించండి. బిల్లు జాగ్రత్తగా దాచి, బీమా పునరుద్ధరించేటప్పుడు ఆ అదనపు పరికరం విలువను పాలసీలో రాయించుకోండి, లేకపోతే ప్రమాదంలో మెట్టు వంగినప్పుడు ఆ నష్టం మీ జేబు మీదే పడుతుంది.