ఋషికుల్య ఇసుకలో బండ్లు నడపవచ్చా?

ఏప్రిల్ చివర్లో నలుగురు స్నేహితులతో బండ్లమీద ఒడిశాలోని బరంపురం వస్తున్నామని, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట, ఋషికుల్య నది సముద్రంలో కలిసే తీరం వెంబడి నడపాలని ఉందని, నీటి అంచున తడి ఇసుకలో వెళ్తే తాబేళ్ళకు ఇబ్బంది ఉండదు కదా అని అడిగారు. ఉంటుంది. నడపకండి. ఒకసారి నడిపినవాణ్ణి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది బరంపురమే. డిగ్రీ చదివే రోజుల్లో, మే మొదటివారంలో ఒక రాత్రి, రెండు బండ్లమీద నలుగురం అక్కడి పురుణబంధ అనే ఊరి వైపు తీరానికి దిగాము. ఈ తడి ఇసుక వాదం అప్పుడు మేమూ చెప్పుకున్నాము. కానీ తడి ఇసుకను చేరాలంటే ముందు పొడి ఇసుక దాటాలి. గుడ్లు ఉండేది అక్కడే. చక్రాలు కూరుకుపోతుంటే వెనక ఇద్దరం తోస్తూ ఆ మేరంతా దున్నినంత పని చేశాము.

కాస్త దూరం వెళ్ళగానే ఒక ముసలి జాలరి చేతులు చాపి ఆపాడు. ఆ తీరపు జాలరి పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. మా కేకలు విని మేమూ తెలుగువాళ్ళమేనని గ్రహించినట్టున్నాడు. "లైట్లు ఆర్పండి నాయనా. వెనక్కి నడిచి మీ బండి గాడి చూసుకోండి" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎదురు మాట్లాడేవాళ్ళమేమో.

గాడి బెత్తెడు లోతు ఉంది. దాని నిండా తాబేలు పిల్లలు. ఒక్కొక్కటి నాలుగు సెంటీమీటర్లు ఉంటుందంతే. వాటికి బెత్తెడంటే ప్రహరీగోడ. ఎక్కబోతాయి, ఇసుక జారుతుంది, వెల్లకిలా పడతాయి, తిరగబడి లేస్తాయి. చివరికి సముద్రాన్ని వదిలేసి గాడి ఎటు పోతే అటే పాకుతున్నాయి. ఇసుక పీతలు అప్పటికే అంచున కాచుకుని ఉన్నాయి. పిల్లలను ముట్టుకోవద్దని, గాడి అంచులు మాత్రం కూలగొట్టమని పెద్దాయన చెప్పాడు. నలుగురం మోకాళ్ళమీద కూర్చుని చాలాసేపు అదే పని చేశాము. తర్వాత ఇంజన్లు ఆపి, బండ్లు తోసుకుంటూ ఊళ్ళోకి తెచ్చాము.

కంటికి కనిపించేది గాడి ఒక్కటే. తల్లి తాబేలు అడుగున్నర లోతున వందకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతుంది. ఒకటిన్నర నెలల నుంచి రెండు నెలల లోపు గుడ్లు పగిలి పిల్లలు బయటపడి, అన్నీ కలిసి ఇసుక తవ్వుకుంటూ పైకి వస్తాయి. పైన బండి తొక్కి ఇసుక గట్టిపడితే ఆ దారి మూసుకుపోతుంది. అమెరికాలో ఉన్న మా పిన్నికొడుకు స్నోమొబైల్ నడుపుతాడు. మంచు మీద నడిచే బండి అది. మంచుకూ నేలకూ మధ్య ఉండే సందులో చిట్టెలుకలు చలికాలం గడుపుతాయట. కొత్త మంచును తొక్కితే ఆ సందు కూలిపోతుంది, అందుకే గుర్తు పెట్టిన దారి దాటను అంటాడు. మంచయినా ఇసుకయినా సంగతి అదే: నడిపేవాడికి అంతా ఖాళీ మైదానంలా కనిపిస్తుంది.

"గుడ్లు లేని చోట చూసి నడుపుతాం" అంటారేమో. 2024లో ఇక్కడికి తాబేళ్ళు గుంపుగా రానేలేదు, 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. వచ్చినా ఏటా ఒకే చోట గుడ్లు పెట్టవు. విడిగా వచ్చి పెట్టి వెళ్ళేవీ ఉంటాయి. అటవీశాఖ గుడ్ల చుట్టూ వల కట్టిన మేర బయట గుడ్లు లేవని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఆలివ్ రిడ్లే తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, అంటే అత్యధిక రక్షణ ఉన్నది. సరదా కాస్తా కేసుగా మారగలదు.

చూడాలనుకుంటే బండ్లు ఊళ్ళోనే వదిలి, అటవీ సిబ్బందిని గానీ కాపలా కాసే ఊరి కుర్రాళ్ళను గానీ అడిగి, వాళ్ళ వెంట నడిచి వెళ్ళండి. టార్చి, ఫోను ఫ్లాష్ వద్దు. చీకట్లో సముద్రం వైపు ఆకాశం కొంచెం వెలుగుగా ఉంటుంది, పిల్లలు దాన్ని పట్టుకునే వెళ్తాయి. మీ లైటు వెలిగితే ఇటు తిరుగుతాయి.

బండి నడిపే సరదా తీరాలంటే పగలు తప్తపాణి వైపు వెళ్ళండి. బరంపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లు, చివర్లో కొండ మలుపులు. అక్కడ వేడినీటి ఊట ఉంది. ఏప్రిల్ ఎండలో వేడినీళ్ళెందుకు అంటే నా దగ్గర జవాబు లేదు, దారి మాత్రం బాగుంటుంది.