కొండ మీద వరికి కరువులో నీళ్లెక్కడివి?

ప్రశ్న: సార్, ఫిలిప్పీన్స్‌లో కొండంతా మెట్లు మెట్లుగా చెక్కి వరి వేసిన వీడియో చూశాను. డ్యాం లేదు, బోరు లేదు, అయినా మడి నిండా నీళ్లు. మా వైపు వాన సరిగా పడకపోతే చెరువు కింద పైరే ఎండిపోతా ఉంది. వాళ్లకి కరువు రాదా? మా కొండ వాలున కూడా అట్టా చేస్తే అవుద్దా?
– ఒక రైతు, ఉదయగిరి దగ్గర

జవాబు: కరువు వాళ్లకీ వస్తుందండీ. వీడియోల్లో మెట్లే చూపిస్తారు గానీ పైనున్న అడవిని చూపించరు, అసలు సంగతంతా అక్కడే ఉంది. మీరు చూసినవి అక్కడి కొండల్లో ఉండే ఇఫుగావో తెగ వాళ్ల పొలాలయ్యుంటాయి. అక్కడ పొలాల పైన కుటుంబాలు సొంతంగా కాపాడుకునే అడవులుంటాయి, ముయోంగ్ అంటారు. వాన నీళ్లు ఒక్కసారే జారిపోకుండా ఆ అడవి నేలలోకి దిగి, వాన ఆగినాక కూడా ఊటలుగా వస్తానే ఉంటాయి, వాటిని కాలవల్లో పై మడికి తెస్తే అది నిండి కింద మడికి, అక్కడి నుంచి ఇంకోదానికి, అవే నీళ్లు అన్ని మడుల్నీ తడుపుకుంటా వాగులోకి పోతాయి.

ఇంకోటి, కోతలైనాక మనం మడి ఎండబెడతాం, వాళ్లు చాలా చోట్ల నీళ్లు నిలబెట్టే ఉంచుతారు. ఎందుకంటే దమ్ము చేసిన బంకమట్టి ఎండి నెర్రెలిచ్చిందంటే మళ్లీ నీళ్లు పెట్టినా నిలవవు, ఆ నెర్రెల్లోంచి గట్టులోకి దిగి గట్టే జారిపోద్ది, పై గట్టు పడితే కింద మడి కూడా పోయినట్టే. అంటే కరువులో పంట పోవడం ఒక్క ఏడాది నష్టం, గట్టు పోతే మళ్లీ కట్టడానికి మనుషులు కావాలి, కుర్రాళ్లేమో టౌన్లకి పోతున్నారు. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలోకెక్కిన ఈ పొలాల్నే 2001లో ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు, 2012లో గానీ అందులోంచి తీయలేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం చైనా యునాన్‌లో హనీ తెగ వాళ్ల పద్ధతి. కాలవకి అడ్డంగా గాడులు కోసిన దుంగ పెడతారు, ఎవరి గాడి ఎంత వెడల్పో వాళ్ల వాటా అంత. నీళ్లు తగ్గితే అందరికీ అదే లెక్కన తగ్గుతాయి. మన తూముల కాడ ఎండాకాలం గొడవలు మీకు నేను చెప్పాలా!

ఇక మీ కొండ సంగతి. వద్దండీ. మన జిల్లాలో ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, అదీ తుఫాను వస్తే రెండు మూడు రోజుల్లో కుమ్మేసి పోద్ది, మెట్లు కట్టినా ఏడాదంతా తడపడానికి ఊట ఏదీ? అందుకే మన పెద్దోళ్లు గొలుసుకట్టు చెరువులు కట్టారు, పై చెరువు కలుజు పారితే కింద చెరువుకి నీళ్లు. ఆ డబ్బేదో మీ చెరువులోకొచ్చే వాగుల్లో సర్కారు తుమ్మ కొట్టించి, పూడిక తీయించడానికి పెట్టండి. కొండ వాలున అడ్డంగా కందకాలు తవ్వితే మంచిదే, కాకపోతే అది రిజర్వు ఫారెస్టు అయితే పర్మిషన్ లేకుండా గునపం వేయొద్దు.

ప్రశ్న: నీళ్లు లేని ఏడు ఆ మెట్లలో ఆరుతడి పంటలు వేసుకోలేరా?
– కనిగిరి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నీళ్లందని మెట్లలో కూరగాయలు వేసేవాళ్లున్నారమ్మా. కాకపోతే మళ్లీ వరికి రావాలంటే నీళ్లు నిలిచేదాకా మడిని తొక్కి దమ్ము చేసుకోవాలి, పెద్ద చాకిరీ. మీ మెట్ట పొలాలకి ఆ బాధ లేదు, కంది, సజ్జ వేసుకోండి, బోరుని నమ్ముకుని వరి జోలికి పోవద్దు.