సాయంత్రం ఏడు గంటల తీపి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 44, ఎత్తు 168 సెంటీమీటర్లు. పన్నెండేళ్ళ పాటు రోజూ రాత్రి ఒక క్వార్టర్ విస్కీ తాగేవాణ్ణి. డాక్టరు పర్యవేక్షణలో మానేసి నాలుగు నెలలైంది. మందు మానితే బరువు దానంతటదే తగ్గుతుందని అందరూ అన్నారు గాని, నేను 83 కిలోల నుంచి 86కు పెరిగాను. సాయంత్రం ఏడు దాటితే మిఠాయి కోసం ప్రాణం లాగేస్తుంది. మైసూరుపాకో జిలేబీయో దొరక్కపోతే పిల్లల కూల్‌డ్రింకు ఖాళీ చేస్తున్నాను. సీసా వదిలి స్వీటు డబ్బా పట్టుకున్నారని మా ఆవిడ అంటోంది. పరగడుపు షుగరు 112 వచ్చింది. చక్కెర పూర్తిగా మానేయాలా? బెల్లం వాడవచ్చా? ఆల్కహాలు లేని బీరు తాగితే ఈ యావ తగ్గుతుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, వరంగల్

జవాబు: నాలుగు నెలలు మందు ముట్టకుండా ఉండటమే మీ ఉత్తరంలోని పెద్ద విషయం, మూడు కిలోల సంగతి దాని తరువాతిది. అందుచేత చక్కెరను ఒక్కరోజులో పూర్తిగా మానేయమని నేను చెప్పను. మద్యం మానిన తొలి నెలల్లో మనసు మీద ఒకేసారి రెండు నిషేధాలు మోపితే, ముందుగా తెగేది పాత నిషేధమే అయ్యే ప్రమాదం ఉంది.

బరువు ఎందుకు తగ్గలేదో లెక్క వేసి చూద్దాం. మన దగ్గర అమ్మే విస్కీలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది కాబట్టి, 180 మిల్లీలీటర్ల క్వార్టరులో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు, గ్రాముకు ఏడు కేలరీల చొప్పున దాదాపు 420 కేలరీలు ఉన్నట్టు. వంద గ్రాముల మైసూరుపాకులో నాలుగు వందల కేలరీలకు పైమాటే. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు మరో వంద కేలరీలు చేరుస్తుంది. ఈ చేత్తో మిగిల్చినది ఆ చేత్తో ఖర్చయిపోతోంది. మందుతో పాటు తినే స్టఫ్ మానేశారో లేదో మీరు రాయలేదు. గ్లాసు వదిలినా మిక్చరు పొట్లం, చికెన్ పకోడీ వదలనివాళ్ళను నేను చాలామందిని చూశాను. వాటిని కూడా ఒకసారి లెక్కలోకి తీసుకోండి.

ఇక ఈ యావ మీ బలహీనత కాదు. మద్యం మెదడులో ఏ సంతృప్తి మార్గాన్ని తడుతుందో తీపి కూడా కొంతవరకు ఆ మార్గాన్నే తడుతుంది. ఒకటి ఆగిపోయినప్పుడు మెదడు రెండోదాన్ని వెతుక్కోవడం సహజం. అయితే మీ ఉత్తరంలో నా దృష్టి నిలిచినది తీపి మీద కాదు, ఏడు గంటల మీద. పన్నెండేళ్ళు ఆ వేళకు ఏదో ఒకటి అందుకున్న శరీరం ఆ వేళకే చేయి చాస్తుంది. పైగా మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం తిని, ఆ తరువాత రెండు టీలతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చేవారికి ఏడు గంటలకు నిజమైన ఆకలి కూడా వేస్తుంది. ఆకలి, అలవాటు కలిసి వచ్చిన చోట మనోబలం ఒక్కటే చాలదు.

కాబట్టి ఏడు గంటలతో పోరాడకుండా ఆరు గంటలకే పని మొదలుపెట్టండి. ఒక కప్పు శనగల గుగ్గిళ్ళో, రెండు ఉడికించిన గుడ్లో, మొలకెత్తిన పెసలు కలిపిన పెరుగో, ఏదో ఒకటి ఆకలి వేసినా వేయకపోయినా తినండి. ఇటువంటి మాంసకృత్తులున్న ఆహారం కడుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. ఏడుకు చెప్పులు వేసుకుని నడకకు బయలుదేరండి, కాని వైన్స్ ఉన్న వీధి గుండా కాదు. కోరిక ఎంత గట్టిగా వచ్చినా చాలావరకు పావుగంట, ఇరవై నిమిషాల్లో వెనక్కు తగ్గుతుంది. నడుస్తుండగా తగ్గడం ఫ్రిజ్ ముందు కూర్చుని తగ్గడం కంటే తేలిక. ఎనిమిదికల్లా కూర, పప్పు ఎక్కువగా, అన్నం తక్కువగా భోజనం ముగించండి. తరువాత కూడా మిఠాయి కావాలనిపిస్తే ఒక ముక్క తినండి. దుకాణంలో ఒక్క ముక్కే కొనండి, అరకిలో డబ్బా ఇంటికి తేకండి. మద్యం తాగాలన్న కోరికే ముంచుకొస్తే మాత్రం లెక్కలు చూడకుండా తీపి తినేయండి. తొలి రోజుల్లో జేబులో మిఠాయి ఉంచుకొమ్మని మద్యం మానినవారు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం సభ్యులు ఒకరికొకరు చెప్పుకోవడం ఊరికే కాదు.

మొదట మానవలసినది కూల్‌డ్రింకు. ఆ తరువాత టీలో చక్కెర తగ్గించండి. రోజుకు ఐదు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాలు అనుకుంటే అదే 200 కేలరీలు. బెల్లం విషయంలో మన ఇళ్ళలో ఉన్న నమ్మకం రక్తంలోని చక్కెరకు తెలియదు: కేలరీల్లోనూ, షుగరు పెంచడంలోనూ బెల్లానికీ పంచదారకూ పెద్ద తేడా లేదు, తేనె కూడా అంతే. ఆల్కహాలు లేని బీరు వద్దు. దానిలో పిండిపదార్థాలుంటాయన్నది చిన్న కారణం. ఆ రుచి, ఆ నురగ, ఆ సీసా మీకు పాత రాత్రులను గుర్తుచేస్తాయన్నది పెద్ద కారణం.

పరగడుపు షుగరు 100 నుంచి 125 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. మీరు అందులో ఉన్నారు. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), కాలేయ పరీక్షలు, పొట్ట స్కానింగ్ చేయించండి, ఎందుకంటే అన్నేళ్ళు తాగిన కాలేయంలో కొవ్వు చేరి ఉండే అవకాశం ఎక్కువ. ఆరు నెలల్లో ఆరు కిలోలు తగ్గితే ఆ కొవ్వు కూడా కరగడం మొదలవుతుంది. అంతకంటే తొందర అక్కరలేదు, ఉపవాసాలు అసలే వద్దు. రిపోర్టులను మీ చేత మందు మాన్పించిన డాక్టరుకే చూపండి. పాత కాగితాలు ఆయన దగ్గరే ఉంటాయి కనుక పోల్చి చెప్పగలరు. ఈ జవాబు చదివి, రోజూ తాగుతూ రేపటి నుంచి ఇంట్లోనే ఒక్కసారిగా మానేద్దామనుకునేవారు కూడా ముందు డాక్టరును కలవాలి. వణుకు, మూర్ఛ, మతి తప్పడం వంటివి మానిన రెండు మూడు రోజుల్లోనే రావచ్చు.