సిస్టర్‌ని అడగండి: కిడ్నీ జబ్బు, ఇంట్లో సేవ, అడగలేని ప్రశ్నలు

ప్రశ్న: సిస్టర్ గారూ, మాది కవిటి మండలం. మా ఆయనకి 43 ఏళ్లు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి, డయాలసిస్ కోసం ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు, వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇంట్లో ఎలా చూసుకోవాలో ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. ఎప్పుడూ దాహం దాహం అంటారు, మా తోటలో బోండాలున్నాయి, ఇవ్వొచ్చా? ఇంకొకటి రాయడానికి సిగ్గుగా ఉంది. ఆర్నెల్లుగా ఆయన నా దగ్గరికి రావడం లేదు. నా మీద ఇష్టం పోయిందా?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు ఆఖర్న రాసినదానికే ముందు చెప్తాను. ఇష్టం పోయిందని అనుకోకండి. కిడ్నీలు పాడైన మగవాళ్లలో చాలామందికి ఈ ఇబ్బంది వస్తుంది. రక్తం తగ్గిపోతుంది, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పడిపోతుంది, కొన్ని బీపీ మాత్రలు కూడా తోడవుతాయి, వీటన్నిటి మీద రేపెలాగో అన్న దిగులు. మీ ముందు చిన్నబోతానేమోనని ఆయనే భయపడుతూ ఉండొచ్చు. డాక్టరుకి చెప్పండి, డాక్టరుకి చెప్పలేకపోతే డయాలసిస్ నర్సుకి చెప్పండి, మాకిది కొత్త కాదు. హిమోగ్లోబిన్ పెంచొచ్చు, మాత్రలు మార్చొచ్చు, దీనికి మందులూ ఉన్నాయి. మెడికల్ షాపులో సొంతంగా అడిగి కొనడం మాత్రం వద్దే వద్దు, గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు వాటిని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

కొబ్బరినీళ్లు వద్దు. ఉద్దానంలో ఉంటూ బోండం ముట్టొద్దంటే ఎంత కష్టమో నాకు తెలుసు, చూడ్డానికొచ్చే చుట్టాలు తెచ్చేదీ అదే కదా. కానీ అందులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు, అదీ ముందస్తుగా ఏ సూచనా లేకుండానే. అరటిపండు, పళ్లరసాలు కూడా అంతే. కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోశాక కూర చేయండి. లో సోడియం ఉప్పు మంచిదని ఎవరైనా చెప్తే కొనకండి, అందులో చాలావరకు సోడియం బదులు పొటాషియమే కలుపుతారు.

దాహం సంగతి. మామూలుగా రోజుకి వచ్చే మూత్రానికి అర లీటరు కలిపితే ఎంతో అంతే తాగాలంటారు, మీ డాక్టరు వేరే లెక్క చెప్తే అదే పాటించండి. పొద్దున్నే ఆ కొలతకి నీళ్లు ఒక సీసాలో పట్టి పెట్టండి. టీ తాగినా, చారు పోసుకున్నా, అంత మేర సీసాలోంచి తీసేయండి. ఊరగాయ, ఎండుచేప మానిపించనిదే దాహం తగ్గదు. రోజూ బరువు చూడండి. ముఖం ఉబ్బి, పడుకుంటే ఆయాసం వస్తుంటే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకండి.

ఇక ఫిస్టులా. పొద్దునా రాత్రీ దాని మీద వేళ్లు ఆనించి చూడండి, లోపల జరజరమని సన్నగా అదురుతూ ఉండాలి. చెవి ఆనిస్తే హోరు వినిపిస్తుంది. ఆ అదురు తెలియడం లేదంటే అర్ధరాత్రయినా బయల్దేరండి. గడ్డకట్టిన ఫిస్టులాని వెంటనే వెళ్తే కాపాడే అవకాశం ఉంది, రెండ్రోజులు చూద్దామంటే మళ్లీ మెడలో పైపు, మళ్లీ ఆపరేషన్. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి, ఊళ్లో ఆర్‌ఎంపీ అయినా, పెద్దాసుపత్రి అయినా మీరే నోరు తెరిచి అడ్డుపడాలి. బిగుతు వాచీ, చేతికి దారాలు, ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోవడం, బస్తాలెత్తడం, ఏవీ వద్దు. ఇంటికొచ్చాక సూది గుచ్చిన చోట రక్తం కారితే శుభ్రమైన గుడ్డ పెట్టి వేలితో పది నిమిషాలు గట్టిగా నొక్కండి, మధ్యలో తీసి తీసి చూడొద్దు. ధారగా వస్తున్నా, ఆగకపోయినా 108కి ఫోన్ చేయండి. చలిజ్వరం వస్తే మాత్ర వేసి ఊరుకోవద్దు, అది రక్తంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి అడక్కుండా వేయకండి, కాస్తో కూస్తో మిగిలిన కిడ్నీ కూడా పోతుంది.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. అమ్మ కిడ్నీ ఇస్తే ఎనిమిది నెలల క్రితం మార్పిడి జరిగింది. నెలసరి మళ్లీ సరిగ్గా వస్తోంది. అత్తగారు పిల్లల కోసం తొందరపెడుతున్నారు. కనొచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కనొచ్చు తల్లీ, కానీ ఇప్పుడే కాదు. కనీసం ఏడాది గడవాలి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ నిలకడగా ఉండాలి, మూత్రంలో ప్రొటీన్ పోకూడదు, బీపీ అదుపులో ఉండాలి. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా మీరు వాడే మాత్రల్లో మైకోఫెనోలేట్ ఉంటే అది కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, అందుకే ప్రయత్నానికి కనీసం 6 వారాల ముందే డాక్టరు దాన్ని ఆపి వేరేది ఇస్తారు. మీ అంతట మీరు ఆపితే అమ్మ ఇచ్చిన కిడ్నీని శరీరం తిప్పికొట్టొచ్చు. కొన్ని బీపీ మాత్రలూ మార్చాలి. నెలసరి గాడిన పడిందంటే గర్భం ఎప్పుడైనా రావచ్చు కాబట్టి డాక్టరు సరేననే దాకా గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి, ఏ పద్ధతి మంచిదో గైనకాలజిస్టునీ కిడ్నీ డాక్టరునీ ఇద్దర్నీ అడగండి. వచ్చే చెకప్‌కి అత్తగారిని కూడా వెంటబెట్టుకెళ్లండి, ఎందుకు ఆగమంటున్నారో డాక్టరు ఆవిడ ముందే చెప్తే మీరు ఇంట్లో వాదించాల్సిన పని ఉండదు.