ఎర్ర గార్నెట్‌ను గోమేధికం అనవచ్చా?

సందేహం: నేను అనువదిస్తున్న వ్యాసంలో ‘బొహీమియా గార్నెట్’ అనే ఎర్రరాయి వచ్చింది. నిఘంటువు గోమేధికం అంటోంది, నగల దుకాణంలో కెంపు అంటున్నారు. ఏది రాయాలి? గోమేదకమా, గోమేధికమా?

సమాధానం: గోమేధికం, కెంపు రెండూ వద్దు, గార్నెట్ అనే రాయండి.

గార్నెట్ అన్నది ఒక్క రాయి పేరు కాదు, ఒక ఖనిజ కుటుంబం పేరు. నవరత్నాల్లో రాహువుకు చెప్పే గోమేధికం అందులో ఒకటి మాత్రమే. శాస్త్రజ్ఞులు హెసొనైట్ అంటారు, తేనెరంగులో ఉంటుంది, కాల్షియం ఎక్కువ. బొహీమియా రాయి పైరోప్, దాంట్లో మెగ్నీషియం ఎక్కువ. ఇనుము ఎక్కువైతే ఆల్మండైన్. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా గరీబ్‌పేటలో దొరికేది ఇదే. పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడు తవ్వకాల్లో బయటపడ్డ గార్నెట్లు ఈ గరీబ్‌పేట రాయితో సరిపోలాయి. విశాఖ కొండల ఖొండలైట్ రాతిలో కనిపించే ఎర్రచుక్కలూ గార్నెట్లే. అన్నిటికీ గోమేధికం అని తగిలిస్తే రేపు ‘ఆకుపచ్చ గోమేధికం’ అని కూడా రాయాల్సి వస్తుంది. రాహువు కోసం ఉంగరం చేయించుకునేవాడు ఎర్రరాయి కొనుక్కొస్తాడు.

కెంపు అసలే కాదు. అది కొరండం అనే వేరే ఖనిజం జాతిది. మాణిక్యం, పద్మరాగం అన్నా అదే. కెందామర, కెంజాయల్లో ఉన్న ‘కెం’ ఎరుపును చెప్పేదే కాబట్టి బజారులో ఎర్రరాయి ప్రతిదీ కెంపైపోయింది. గాజురాళ్ల హారాన్ని కూడా కెంపుల సెట్ అనడం లేదూ! పదికి లెక్కించే కాఠిన్యంలో కెంపుది 9, గార్నెట్‌ది 7 అటూ ఇటూ. విడిరాయి చేతిలో ఉంటే నీళ్లలో తేలే థర్మోకోల్ ముక్క మీద పెట్టి, బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని దగ్గరికి తేవచ్చు. ఆల్మండైన్ దాని వైపు కదులుతుంది, కెంపు కదలదు. బల్లమీద పెట్టి చూస్తే రాపిడి వల్ల కదలిక తెలియదు. నగలో బిగించిన రాయికి ఈ పరీక్ష పనికిరాదు.

ఇక వర్ణక్రమం. సంస్కృతంలో గోమేదం, గోమేదకం. మేదస్సు అంటే కొవ్వు, దానిలో ఉన్నది ఒత్తు లేని ‘ద’. ఒత్తు ‘ధ’తో గోమేధం అంటే యాగం. అయినా తెలుగులో గోమేధికమే రూఢి అయింది కనుక తప్పు పట్టనక్కరలేదు.

గార్నెట్ పేరుకు లాటిన్‌లో దానిమ్మతో చుట్టరికం ఉంది. అలాగని ‘దానిమ్మరాయి’ అని కొత్తమాట కడితే ఏ కంసాలికీ అర్థం కాదు. మొదటిసారి ‘గార్నెట్ అనే ఎర్రరత్నం’ అని రాసి, ఆ తర్వాత గార్నెట్, గార్నెట్లు అంటే చాలు.